గెలుపు ఎవరి పద్దులో పడింది? – 1912 కార్లైల్ ఫుట్‌బాల్ జట్టు కథ

ఆటల ఫలితాలు రాసి పెట్టుకోవడం తేలిక. ఎవరు గెలిచారు, ఎంత తేడాతో గెలిచారు అన్నది నోటీసు బోర్డు మీద ఒక్క కాగితంలో సరిపోతుంది. ఆ గెలుపు వల్ల ఆడినవాళ్ళకు ఏం దక్కింది, ఆడించినవాళ్ళకు ఏం దక్కింది అన్న సంగతి మాత్రం కాస్త వెతికితే గాని దొరకదు. 1912లో అమెరికాలో ఒక బడి జట్టు పద్నాలుగు ఆటలాడి పన్నెండు గెలిచింది, ఒకటి సమం చేసింది, ఒక్కటే ఓడింది. ఆ బడి పేరు కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్. మన పాత పుస్తకాల్లో 'రెడ్ ఇండియన్లు' అని రాసేవారే, ఆ అమెరికా ఆదివాసుల పిల్లలు చదివిన బడి అది. ఆ ఒక్క సీజన్ గురించి, దాని ముందువెనుకల గురించి విద్యార్థి మిత్రులతో నాలుగు మాటలు పంచుకోవాలని ఈ వ్యాసం.

ముందుగా ఆట గురించి

మనం ఫుట్‌బాల్ అనే ఆటను అమెరికావాళ్ళు సాకర్ అంటారు. వాళ్ళు ఫుట్‌బాల్ అనేది వేరే ఆట. అందులో బంతిని కాలితో తన్నడం తక్కువ, చేత్తో పట్టుకొని పరుగెత్తడం ఎక్కువ. బంతి కూడా గుండ్రంగా ఉండదు, రెండు కొసలూ మొనదేలి ఉంటుంది. జట్టుకు పదకొండుమంది. చెడుగుడు ఆడినవాళ్ళకు ఈ ఆట త్వరగా అర్థమవుతుంది. బంతి ఉన్నవాణ్ణి ఎదుటి జట్టు పట్టి పడేయాలి. అయితే చెడుగుడులో కూతకు వెళ్ళినవాడు ఒంటరి. ఇక్కడ వాడి పక్షాన మరో పదిమంది అడ్డు నిలిచి దారి చేస్తారు.

మైదానం పొడవు 100 గజాలు, వెడల్పు 53 గజాల ఒక అడుగు. మా ఇంట్లో ఏ నేలనైనా సెంట్లలోనే చెబుతారు గనుక నేనూ అలాగే లెక్కవేసి చూశాను. ఎకరా పది సెంట్లు వచ్చింది. రెండు కొసల్లోనూ పదేసి గజాల గోల్ పట్టీలు ఉంటాయి, అవి కలిపితే ఎకరా ముప్పైరెండు సెంట్లు. ఆట మొత్తం ఈ ఎకరం నేలలో గజం గజం ముందుకు జరగడం కోసమే. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. వీటిని 'డౌన్లు' అంటారు. నాలుగు డౌన్లలో పది గజాలు జరిగితే మళ్ళీ నాలుగు వస్తాయి. జరగలేకపోతే బంతి ఎదుటివాళ్ళకు పోతుంది. బంతిని గోల్ గీత దాటించి తీసుకువెళితే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు. ఆ తరువాత బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నితే అదనంగా ఒకటి. ఆట నడుస్తుండగా మైదానంలోంచి తన్నితే మూడు.

ఈ నియమాల్లో ముఖ్యమైనవి కొన్ని సరిగ్గా 1912లోనే వచ్చాయి. అంతకుముందు డౌన్లు మూడే, టచ్‌డౌన్‌కు అయిదే. మైదానం 110 గజాలు ఉండేది. అసలు ఆట అంతకుముందు మరీ మొరటుగా ఉండేది. మనుషులంతా ఒక ముద్దగా కట్టుకొని ఎదుటివాళ్ళ మీద పడేవారు. 1905లో ఆ ఒక్క సీజన్లోనే ఆట దెబ్బలకు పదిహేనుమందికి పైగా కుర్రవాళ్ళు చనిపోయారు. అప్పటి అధ్యక్షుడు థియోడార్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళను శ్వేతసౌధానికి పిలిపించి మాట్లాడవలసి వచ్చింది. 1906లో బంతిని ముందుకు విసరడాన్ని అనుమతించారు. ముద్దగా కుమ్ముకోవడం క్రమేణా తగ్గి, పరుగుకూ తెలివికీ చోటు దొరికింది. 1912 నాటికి విసిరే దూరం మీద ఉన్న హద్దు కూడా తీసేశారు. ఈ మార్పులు కార్లైల్ కుర్రాళ్ళకు కలిసివచ్చాయి.

అది ఎలాంటి బడి?

పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ అనే ఊళ్ళో ఖాళీగా ఉన్న సైనిక బ్యారక్‌లలో 1879లో ఈ బడి మొదలైంది. పెట్టినవాడు రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి. ఆదివాసి పిల్లల్లోని ఆదివాసిత్వాన్ని పూర్తిగా తుడిచేస్తే వాళ్ళు బాగుపడతారన్నది ఆయన సిద్ధాంతం. పిల్లలు రాగానే జుట్టు కత్తిరించేవారు. సొంత బట్టలు తీసి యూనిఫారాలు తొడిగేవారు. పేర్లు మార్చేవారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. వచ్చిన రోజు ఒక ఫోటో, కొన్నాళ్ళ తరువాత ఇంకొక ఫోటో తీసి, పక్కపక్కన పెట్టి ప్రచారం చేసుకునేవారు. బడి నడిచిన 39 ఏళ్ళలో సుమారు 7,800 మంది పిల్లలు అక్కడికి వచ్చారు. వాళ్ళలో పట్టా పుచ్చుకొని బయటికి వెళ్ళినవారు వెయ్యిమంది కూడా లేరు. జబ్బుపడి, ఇల్లు చేరకుండానే చనిపోయి, బడి శ్మశానంలో మిగిలిపోయినవాళ్ళు సుమారు 180 మంది.

రోజులో సగం చదువు, సగం పని. కొందరికి కుట్టుపని, కొందరికి రేకుల పని, కొందరికి అచ్చుపని. 'ఔటింగ్' అని ఇంకొక ఏర్పాటు ఉండేది. వేసవిలోనూ, ఒక్కొక్కప్పుడు ఏడాది పొడుగునా, పిల్లల్ని తెల్లవాళ్ళ ఇళ్ళకూ పొలాలకూ పనికి పంపేవారు. పొలం పని హీనమని నేననను. మా ఇంట్లో ఆడా మగా అందరం చేసేదే. అయితే మన పొలంలో మనవాళ్ళతో మన మాట మాట్లాడుకుంటూ చేసే పని ఒకటి. కన్నవాళ్ళనూ మాటనూ దూరం చేసి పరాయి ఇంట్లో చేయించే పని వేరొకటి. పైగా ఆ పిల్లల సొంత నేల అప్పటికే చేజారిపోతూ ఉంది. 1887లో చేసిన డాస్ చట్టం వల్ల తెగలకు ఉమ్మడిగా ఉన్న భూమిని ముక్కలు చేసి పంచి, మిగులు అన్నదాన్ని తెల్లవాళ్ళకు ఇచ్చారు. 1887లో సుమారు 13 కోట్ల 80 లక్షల ఎకరాలున్న ఆదివాసుల భూమి 1934 నాటికి 4 కోట్ల 80 లక్షల ఎకరాలకు దిగిపోయింది. ఎకరం నేల కోసం గజం గజం పోరాడే ఆటను వాళ్ళు ఆడారంటే, ఈ లెక్క కూడా మనసులో ఉంచుకోవాలి.

తక్కువ బరువు, ఎక్కువ వేగం

కార్లైల్ కుర్రాళ్ళు పెద్ద విశ్వవిద్యాలయాల ఆటగాళ్ళకంటే సాధారణంగా తేలికగా ఉండేవారు. ముద్దగా కుమ్ముకునే ఆటలో ఇది నష్టమే. కాని ఫిజిక్సు చదివేవాళ్ళకు ఇందులో ఒక చిన్న లెక్క కనిపిస్తుంది. ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశిని వేగంతో హెచ్చవేయగా వచ్చేది. ఉదాహరణకు 110 కిలోల మనిషి సెకనుకు 4 మీటర్ల వేగంతో వస్తున్నాడనుకుందాం. ద్రవ్యవేగం 440. ఎనభై కిలోల మనిషి సెకనుకు అయిదున్నర మీటర్ల వేగం అందుకుంటే అతనిదీ 440. ఢీకొంటే సమ ఉజ్జీలన్నమాట. గతిశక్తి చూస్తే వేగానికి వర్గం వస్తుంది గనుక తేలికవాడిదే పైచేయి: పెద్దాయనది 880 జౌళ్ళు, చిన్నాయనది 1,210. ఇంకొక సంగతి, ద్రవ్యవేగం సదిశ రాశి. దానికి దిక్కు ఉంది. అదే వేగంతో ఉన్నప్పుడు బరువైనవాణ్ణి పక్కకు తిప్పాలంటే ఎక్కువ బలం కావాలి. కాబట్టి బరువైన జట్టును ఎదురుగా ఢీకొనకుండా, అటు రమ్మన్నట్టు నటించి ఇటు పరుగెత్తితే సగం పని అయినట్టే.

కార్లైల్ ఆట అంతా ఈ సూత్రం మీదే నడిచింది. 1899లో కోచ్‌గా వచ్చిన గ్లెన్ వార్నర్‌ను అందరూ 'పాప్' వార్నర్ అనేవారు. ఆయన ఎత్తులు వేయడంలో దిట్ట. 1903లో హార్వర్డ్ మీద ఆడేటప్పుడు బంతిని ఒక ఆటగాడి చొక్కా వెనుక దాచేసి, అందరూ బంతి కోసం వెతుకుతుండగా అతను గోల్ గీత దాటేశాడు. ఆ ఆట హార్వర్డే 12-11తో గెలిచింది గాని, ఆ ఎత్తును మాత్రం నేటికీ చెప్పుకుంటారు. 1907లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం మీద బంతిని ముందుకు విసిరే ఆటను విరివిగా ఆడి 26-6తో గెలిచారు. పెద్ద కాలేజీలు ఇంకా తటపటాయిస్తున్న కొత్త పద్ధతిని ఈ బడి పిల్లలు ముందే ఒడిసి పట్టారు. కోచ్ గీసింది కాగితం మీది బొమ్మ. దాన్ని మైదానంలో పరుగుగా మార్చినవాళ్ళు ఆటగాళ్ళు. ఈ మాట గుర్తుంచుకోవాలి.

68 రోజులు, 14 ఆటలు

1912 జట్టులో అందరికీ తెలిసిన పేరు జిమ్ థార్ప్. సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు, ఓక్లహోమా ప్రాంతంలో పుట్టాడు. 1904లో కార్లైల్‌కు వచ్చి, ఔటింగ్ పేరుతో పొలాల్లో పనిచేశాడు. 1911లో హార్వర్డ్ మీద నాలుగుసార్లు మైదానంలోంచి బంతి తన్ని పాయింట్లు తెచ్చి జట్టును 18-15తో గెలిపించాడు. 1912 జూలైలో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ బంగారు పతకాలు తెచ్చాడు. అదే ఒలింపిక్స్‌లో హోపీ తెగకు చెందిన లూయీ తెవానిమా, అతనూ కార్లైల్ విద్యార్థే, పదివేల మీటర్ల పరుగులో వెండి పతకం తెచ్చాడు. ఇక జట్టును నడిపే క్వార్టర్‌బ్యాక్ స్థానంలో గస్ వెల్చ్ ఆడాడు. విస్కాన్సిన్‌కు చెందిన ఓజిబ్వే కుర్రాడు. ఈ పేరు మళ్ళీ వస్తుంది.

సీజన్ సెప్టెంబరు 21న మొదలై నవంబరు 28న ముగిసింది. మొదటి నాలుగు ఆటల్లో ఆల్‌బ్రైట్‌ను 50-7తో, లెబనాన్ వ్యాలీని 45-0తో, డికిన్సన్‌ను 34-0తో, విల్లనోవాను 65-0తో ఓడించారు. వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ కాలేజీతో ఆట 0-0గా తేలింది. తరువాత సిరక్యూస్ మీద 33-0, పిట్స్‌బర్గ్ మీద 45-8, జార్జ్‌టౌన్ మీద 34-20. సరిహద్దు దాటి కెనడా వెళ్ళి, కొంత భాగం అక్కడి నియమాలతోనే ఆడి టొరాంటో జట్టును 49-1తో గెలిచారు. లీహై మీద 34-14. పెద్ద జట్లతో ఆటలన్నీ పరాయి మైదానాల్లోనే. చిన్న ఊరైన కార్లైల్‌లో ఆడితే టిక్కెట్ల డబ్బు రాదు, పెద్ద నగరాల్లో అయితే వస్తుంది. అందుకని జట్టు రైళ్ళలోనే తిరుగుతూ ఉండేది.

నవంబరు 9న వెస్ట్ పాయింట్‌లో ఆట. ఎదుటివాళ్ళు అమెరికా సైన్యానికి కాబోయే అధికారులు. దక్షిణ డకోటాలో వూండెడ్ నీ దగ్గర అదే సైన్యం ఆడవాళ్ళూ పిల్లలతో సహా వందలాది లకోటా ప్రజలను కాల్చి చంపింది 1890 డిసెంబరు 29న. అంటే ఈ ఆటకు ఇరవైరెండేళ్ళ ముందు. చూసేవాళ్ళకు అది ఒక ఆట. ఆడే కుర్రాళ్ళకు ఇంటి పెద్దలు చెప్పిన సంగతులు తెలియకుండా ఉంటాయా?

మొదటి టచ్‌డౌన్ సైన్యమే చేసింది. అదనపు పాయింటు తప్పింది, 6-0. కార్లైల్ తరఫున జో బెర్జీ గీత దాటాడు, థార్ప్ తన్నిన బంతి స్తంభాల మధ్యగా వెళ్ళింది. సగం ఆటకు 7-6. రెండో సగంలో సైన్యానికి ఒక్క పాయింటు కూడా రాలేదు. కార్లైల్‌కు ఇరవై వచ్చాయి. సైన్యం కెప్టెన్ డెవోర్ పట్టు తప్పి, తనను ఆటంతా ఇబ్బంది పెట్టిన జో గయాన్ మీద పడబోతే మైదానంలోంచి పంపించేశారు. చివరికి 27-6. ఆ రోజు సైన్యం జట్టులో డ్వైట్ ఐసెన్‌హోవర్ అనే కుర్రాడు కూడా ఉన్నాడు. తరువాత సేనాని అయి, 1953 నుంచి 1961 దాకా దేశాధ్యక్షుడుగా చేసినవాడు ఆయనే.

ఈ ఆటలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ నాలుగు టచ్‌డౌన్లలో థార్ప్ చేసింది ఒక్కటీ లేదు. మూడు అలెక్స్ అర్కాసా చేశాడు. సైన్యంవాళ్ళ కళ్ళన్నీ థార్ప్ మీదే ఉన్నాయి. అతను పరుగెత్తినా, పరుగెత్తినట్టు నటించినా ఇద్దరు ముగ్గురు అటే వెళ్ళేవారు. ఆ ఖాళీలో మిగతావాళ్ళు దూరిపోయారు. పేరున్నవాడు పక్కవాళ్ళకు దారి చేసి పెట్టాడు. ఒక్క వీరుడి కథలా చెప్పుకోవడం పత్రికలకు అలవాటు గాని, ఆ రోజు గెలిచింది పదకొండుమంది.

వారం తిరిగేసరికి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చేతిలో 34-26తో ఓడిపోయారు. ఆ సీజన్లో అదొక్కటే ఓటమి. ఆ తరువాత స్ప్రింగ్‌ఫీల్డ్ మీద 30-24, చివరి ఆటలో బ్రౌన్ మీద 32-0. మొత్తం కూడితే కార్లైల్ చేసినవి 504 పాయింట్లు, ఎదుటివాళ్ళు చేసినవి 114.

పద్దు తిరగేస్తే

సీజన్ ముగిసి రెండు నెలలు కాకుండానే, 1913 జనవరిలో, థార్ప్ గురించి ఒక పత్రిక రాసింది. 1909, 1910 సంవత్సరాల్లో అతను నార్త్ కరోలినాలో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడట, అంచేత అతను ఔత్సాహికుడు కాదట. ఆ రోజుల్లో చాలామంది కాలేజీ కుర్రాళ్ళు మారుపేర్లతో అలా ఆడేవారు. థార్ప్ సొంత పేరుతోనే ఆడాడు. ఒలింపిక్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు ముప్పై రోజుల్లోగా రావాలి. ఇక్కడ ఆరు నెలలు గడిచాయి. అయినా పతకాలు తీసేసుకున్నారు. బేస్‌బాల్ సంగతి తమకు తెలియదని బడి పెద్దలు చెప్పారు. రెండేళ్ళు బడిలో లేని కుర్రాడు ఎక్కడున్నాడో కోచ్‌కు తెలియదన్న మాట నమ్మశక్యం కాదని తరువాతి రచయితలు చాలామంది రాశారు.

ఇక్కడే గస్ వెల్చ్ దగ్గరకు రావాలి. ఊరూరా తిరిగి ఆడిన ఆటల టిక్కెట్ల డబ్బు బడి క్రీడా నిధిలోకి పోయేది. ఆ నిధి ప్రభుత్వ లెక్కల్లో లేదు. వార్నర్, మరికొందరు పెద్దలు దాన్ని ఖర్చుపెట్టేవారు. బడిలో పిల్లలకు తిండి చాలకపోగా, కోచ్‌కు ఇల్లు కట్టింది ఆ నిధిలోంచే. వెల్చ్ తోటి విద్యార్థుల దగ్గరకు వెళ్ళి, బడి పరిస్థితిపై విచారణ జరపాలని అర్జీ తయారుచేశాడు. రెండు వందలమందికి పైగా సంతకాలు పెట్టారు. 1914 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ సంఘం కార్లైల్ వచ్చి సాక్ష్యాలు తీసుకుంది. పిల్లలు ఎదురుగా నిలబడి తిండి గురించి, దెబ్బల గురించి, డబ్బు గురించి చెప్పారు. కోచ్ ప్రవర్తన గురించి ఆటగాళ్ళే చెప్పారు. సూపరింటెండెంట్ ఫ్రీడ్‌మన్ పదవి పోయింది. వార్నర్ మాత్రం 1915లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో కోచ్‌గా చేరి ఇంకా పేరు తెచ్చుకున్నాడు. బడి 1918లో మూతపడింది, భవనాలు మళ్ళీ సైన్యానికే వెళ్ళాయి. వెల్చ్ న్యాయశాస్త్రం చదివి పట్టా తీసుకున్నాడు, వాషింగ్టన్ స్టేట్ కాలేజీ జట్టుకు కోచ్‌గా పనిచేశాడు.

నా దృష్టిలో ఆ సీజన్లోని పదిహేనో ఆట ఈ అర్జీయే. మైదానంలో ఎవరికి ఎవరు అడ్డు నిలవాలో, ఎవరు ఎవరికి దారి చేయాలో నేర్చుకున్న కుర్రాళ్ళు అదే పని కాగితం మీద చేశారు. తమను మాట్లాడనివ్వని బడిలో, ఆ బడి నేర్పిన ఇంగ్లీషులోనే, ఆ బడి గురించి మాట్లాడారు.

ఆలస్యంగా వచ్చిన లెక్కలు

థార్ప్ 1920లో అమెరికా వృత్తి ఫుట్‌బాల్ సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1950లో అసోసియేటెడ్ ప్రెస్ జరిపిన ఎన్నికలో అర్ధశతాబ్దపు ఉత్తమ క్రీడాకారుడని పేరొచ్చింది. 1953లో చనిపోయాడు, పతకాలు లేకుండానే. నమూనా పతకాలు 1983లో ఆయన పిల్లలకు ఇచ్చారు గాని, రికార్డుల్లో ఇంకొకరితో కలిపి సహవిజేతగా రాశారు. ఏకైక విజేత అని ఒలింపిక్ సంఘం ఒప్పుకున్నది 2022లో, అంటే 110 ఏళ్ళకు. కార్లైల్ శ్మశానంలోని పిల్లల అవశేషాలను 2017 నుంచి వాళ్ళ తెగలు అడిగి సొంత ఊళ్ళకు తీసుకుపోతున్నాయి. ఇలాంటి బడుల విధానానికి 2024 అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ దేశం తరఫున క్షమాపణ చెప్పారు. డిసెంబరులో కార్లైల్ బడి స్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

మన సంగతి దీనితో పోల్చడం సబబు కాదు. మనల్ని ఎవరూ సైనిక బ్యారక్‌లకు తీసుకుపోలేదు. అయినా తెలుగు మాట్లాడితే జరిమానా వేసిన బళ్ళో చదివి వచ్చిన స్నేహితులు మనలోనూ ఉన్నారు, పల్లె నుంచి వచ్చినందుకు ఊరి పేరు చెప్పుకోవడానికి సంకోచించేవాళ్ళూ ఉన్నారు. చదువు మనిషికి కొత్తది ఇవ్వాలి గాని, ఉన్నది లాక్కోకూడదని కార్లైల్ కథ చదివితే గట్టిగా అనిపిస్తుంది.

మన కాలేజీ జట్టు కప్పు తెచ్చిన రోజున డప్పులు కొట్టిద్దాం, ఊరేగిద్దాం. దానితోపాటు ఆ జట్టులోని కుర్రాడికి హాస్టల్లో కడుపునిండా భోజనం దొరుకుతోందా, ఆటల ఫీజు ఎక్కడ ఖర్చయింది, దెబ్బ తగిలిన కాలికి వైద్యం ఎవరు చేయించారు అన్నవి కూడా అడుగుదాం. 504 పాయింట్లు చేసిన జట్టును నడిపిన గస్ వెల్చ్ అడిగినవి ఇలాంటి ప్రశ్నలే. విద్యార్థి సంఘం అంటూ ఒకటి ఉన్నది ఇందుకే కదా!